దీపాలవేళ పిలుపు

హైదరాబాద్,
జూన్ 12, 2025.

మామూజాన్‌కు జెబా ఆదాబ్‌లు.

ముమానీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్ చేస్తే మీరు "ఆఁ? ఏందీ?" అంటారు, నేను అరుస్తాను, పక్క గదిలోవాళ్లు వచ్చి తలుపు కొడతారు. ఈ రభస ఎందుకని మళ్లీ ఉత్తరమే రాస్తున్నాను. ఏళ్ల తరబడి లౌడ్‌స్పీకర్ల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్న మామ ఉన్నవాళ్లకు పోస్టాఫీసే దిక్కు.

శుభవార్త ఏంటంటే, పిట్టల మీద నేను రాసిన వ్యాసాన్ని పెద్ద పత్రికవాళ్లు తీసుకున్నారు. పొద్దుగూకేవేళ ఒక పిట్ట ఇంకో పిట్ట గొంతును ఎలా అనుకరిస్తుందన్నదే అందులో సంగతి. మీరు ఐస్‌క్రీం డబ్బాల్లో పెట్టి, వాన పడకుండా చెట్లకు కట్టిన ఆ రికార్డర్ల పుణ్యమే ఇదంతా.

అయితే మా పరిశోధనకు సాయం చేసిన విదేశీ సంస్థ రెండు షరతులు పెట్టింది. వ్యాసాన్ని ఎవరైనా ఉచితంగా చదువుకోగలగాలి. దానికి ఆధారమైన రికార్డింగులన్నీ, ఏ రోజు ఏ చెట్టు దగ్గర చేశామో ఆ వివరాలతో సహా, ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉండాలి. జూలై ఆఖరుకు ప్రాజెక్టు ముగుస్తుంది. ఆలోగా ఈ పని కాకపోతే రెండో విడత ప్రాజెక్టు రాదు. అది రాకపోతే నా ఉద్యోగం పోతుంది. అమ్మతో మాత్రం ఈ మాట అనకండి.

ఇప్పుడు అసలు విషయం. ఎర్రగుంపు ఊరి పొలిమేర రికార్డర్‌లో రోజూ దీపాలు పెట్టే వేళకు ఒక ఆడమనిషి గొంతు వినిపిస్తోంది. "ఓ భవాని నాయినా! ఇంటికి రా!" అని మూడుసార్లు పిలిచి ఊరుకుంటుంది. పోయిన సెప్టెంబరు నుంచి ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు. మనుషుల గొంతు బయటపెట్టాలంటే వాళ్ల సంతకం కావాలి, లేదా ఆ ముక్క కత్తిరించాలి. ఎవరు మామూ ఆమె?

మీ
జెబా

*

పర్ణశాల,
జూన్ 20.

జెబా బేటీకి దువాలు.

నీ ఉత్తరం చదివి మీ ముమానీ అజ్మత్ బీ సంతోషంతో కళ్లనీళ్లు పెట్టుకుంది. మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి, నోరు కూడా. నా మటుకు నాకు, పిట్టల కూతల మీద రాస్తే చదివేవాళ్లున్నారన్నదే నమ్మబుద్ధి కావడం లేదు. గుడికి వచ్చిన జనంలో పిల్లలు తప్పిపోతే నేను మైకులో గొంతు చించుకుని చెబుతాను, ఒక్కడూ పట్టించుకోడు. పిట్టలకు ఉన్నపాటి అదృష్టం నాకు లేదు.

ఆ గొంతు ఎర్రగుంపులో భారతమ్మది. వాళ్లు పెనుబల్లి వైపు నుంచి వచ్చి అడవి అంచున మిర్చి వేసుకుంటున్నారు. ఆమె పెనిమిటి పిచ్చయ్య నీకు తెలిసే ఉండాలి, పెద్ద నవ్వు మనిషి. పోయిన శ్రావణంలో తప్పిపోయిన బర్రెను వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లాడు. మర్నాడు బర్రె తిరిగి వచ్చింది. మనిషి రాలేదు. పోలీసులు, ఫారెస్టువాళ్లు, ఊరి జనం, అందరం వెతికాం. చెప్పు కూడా దొరకలేదు.

ఎర్రగుంపులో ఒక ఆచారం ఉంది. అడవికి పోయినవాడు శవంగా కూడా దొరక్కపోతే, ఇంటి ఇల్లాలు ఏడాది పాటు దీపాలవేళ పొలిమేరలో నిలబడి పిలవాలి. మొగుడి పేరు నోట పలకదు కాబట్టి బిడ్డ పేరుతో పిలుస్తుంది. ఏడాది నిండిన రోజున అడవికి వీపు పెట్టి, వెనక్కి గుప్పెడు బియ్యం చల్లి, "ఇక రాకు" అని ఒక్కసారి అని, వెనుదిరిగి చూడకుండా ఇంటికి పోవాలి. ఆ ఒక్క మాటతో అతనికీ విడుదల, ఆమెకూ విడుదల. అంతదాకా ఆమె బొట్టు తీయదు.

ఆ ముక్కలు కత్తిరించెయ్యి బేటీ. ఒక ఆడమనిషి ఏడుపు ఊరందరికీ వినిపించే మైకుసెట్టు పని మనకెందుకు? నేను చేసేది అదే వ్యాపారం కాబట్టి చెబుతున్నాను.

నీ మామూ
వజీర్

*

హైదరాబాద్,
జూన్ 30.

మామూజాన్‌కు ఆదాబ్.

మీ ఉత్తరం చదివాక ఆ రికార్డింగులు వినడానికి మనసు రాలేదు. కత్తిరిద్దామనే అనుకున్నాను. మా సంస్థలో ఈ డేటా వ్యవహారాలు చూసే ఉదయ్ భాస్కర్ సార్ దగ్గరికి వెళ్తే, "సాయంత్రాల పిట్టల మీదనేగా నీ వ్యాసం? సాయంత్రాలే కోసేస్తే ఇక ఏం మిగులుతదమ్మా? ఆమె సంతకం తెప్పించు, అయిపోతది," అన్నారు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

ఇంకో సంగతి. మీరు నవ్వకూడదు.

కత్తిరించే ముందు అన్ని రికార్డర్లూ ఒకే వేళకు పక్కపక్కన పెట్టి విన్నాను. భారతమ్మ మూడోసారి పిలిచి ఆగాక, కాసేపటికి ఒక మగగొంతు జవాబిస్తోంది. "ఆఁ... వస్తన్నా" అని. అంతే. సెప్టెంబరులో అది వాగు అవతలి రికార్డర్‌లో ఉంది. అక్కడికి ఆమె పిలుపు వినబడే వీలే లేదు. సంక్రాంతి దాటాక వాగు అవతల ఆగిపోయి, గుట్ట మీది రికార్డర్‌లో మొదలైంది. మే నెల నుంచి పొలిమేర రికార్డర్‌లోనే ఉంది. సన్నగా, కానీ స్పష్టంగా.

అనుకరించే పిట్ట అయి ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను. పొడుగుతోక నల్లపిట్ట పిల్లి కూత, గొడ్డలి దెబ్బ అన్నీ అనుకరిస్తుంది. కానీ మామూ, ఎవరో ఒకరు అనకుండా పిట్ట ఎక్కడ నేర్చుకుంటుంది? ఉదయ్ భాస్కర్ సార్ విని, "మరి ఈయన సంతకమో?" అని అడిగారు.

పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకుని పూర్తి సౌండ్‌తో వినండి. పిట్ట అని రాయండి మామూ, దయచేసి.

మీ
జెబా

*

పర్ణశాల,
జూలై 9.

బేటీ,

పిట్ట కాదు.

సర్పంచ్ ఎన్నికలప్పుడు పిచ్చయ్య నా మైకు పట్టుకుని మాట్లాడాడు. "వస్తన్నా" అనేటప్పుడు వాడికి చివర్లో గొంతు కొంచెం పైకి లేస్తుంది, నవ్వబోతున్నట్టు. నా మైకులో మాట్లాడిన గొంతును నేను మరిచిపోను. చెవులు పోయినా అది మాత్రం పోలేదు. రెండోసారి వినలేక హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. మీ ముమానీ నా ముఖం చూసి, "ఏమైంది జీ, గట్ల తెల్లబోయినవ్?" అంది. చెప్పాను. "ఆ సామాన్ ముందు ఇంట్లనుంచి బయట పడెయ్," అని ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ చదివి ఇల్లంతా ఊదింది. పెన్‌డ్రైవ్ ఇప్పుడు దుకాణంలో ఇనుప పెట్టెలో ఉంది.

ఇన్నాళ్లూ ఆమె చెవికి ఆ జవాబు చేరలేదు. చేరి ఉంటే ఊరంతా తెలిసేది. చేరకూడదు కూడా. శ్రావణ పౌర్ణమి దాటిన నాలుగో రోజుకు ఏడాది నిండుతుంది. ఆమె "ఇక రాకు" అనాలి. ఆ జవాబు వింటే అంటుందా? చచ్చినా అనదు. బతికున్నన్నాళ్లూ ఆ పొలిమేర రాయి దగ్గరే నిలబడుతుంది. అందుకని ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండాలి.

సంతకం కోసం మాత్రం వెళ్లాను. నీ ఉద్యోగం గుర్తొచ్చి కాళ్లు నడిచాయి, మనసు నడవలేదు. నీ కాగితం చదివి వినిపించాను. ఆమె మిరపనారుకు నీళ్లు పోస్తూనే వింది.

"అందుల పెడితే ఎవరింటరన్నా?"

"దునియా అంతా ఇంటదమ్మా. ఎవరు కావాలంటే వాళ్లు."

"ఎప్పటిదాక ఉంటది?"

"ఎప్పటికీ ఉంటదంట."

చెంబు కింద పెట్టి చేతులు తుడుచుకుంది. "అయితే పెట్టమను. నా గొంతు ఈ చెట్లు దాటి పోతలేదు. గట్లనన్న ఎక్కడున్నా ఇంటడు," అని సంతకం చేసింది. కాగితం ఇందులో పెట్టాను. రెండో గొంతు మాట నేను ఎత్తలేదు. ఎత్తలేకపోయాను.

వజీర్

*

హైదరాబాద్,
జూలై 28.

మామూజాన్‌కు ఆదాబ్.

అన్నీ పెట్టేశాను. వ్యాసం, ఏడాది రికార్డింగులు, తేదీలు, చెట్ల గుర్తులు, అన్నీ. దానికి ఒక శాశ్వత నంబరు వచ్చింది. ఎవరైనా ఆ నంబరు కొడితే చాలు, ఎర్రగుంపు సాయంత్రం తెరుచుకుంటుంది. రెండో విడత ప్రాజెక్టు ఖాయమని మెయిల్ కూడా వచ్చింది. ఎగిరి గంతెయ్యాల్సిన దాన్ని, అన్నం కూడా సయించక కూర్చున్నాను.

రెండో గొంతు పక్కన "పక్షి అనుకరణ కావచ్చు" అని రాశాను. ఆ "కావచ్చు" రాయడానికి సగం రోజు పట్టింది. భారతమ్మకు చెప్పకుండా ఆమె చేత సంతకం పెట్టించుకున్నామని మనసు పీకుతోంది. కానీ చెబితే ఆమె ఆగదు కదా అనుకుని సర్దుకుంటున్నాను.

అటవీశాఖ అనుమతి నెలాఖరుతో అయిపోతుంది. ముప్పై ఒకటిలోపు రికార్డర్లన్నీ విప్పేయండి. ఒక్కరోజు ఎక్కువైనా నోటీసు వస్తుంది.

మీ
జెబా

*

పర్ణశాల,
ఆగస్టు 24.

బేటీ జెబాకు దువాలు.

నువ్వు చెప్పినట్టే గడువులోపు రికార్డర్లు విప్పి దుకాణంలో పెట్టాను.

ఏడాది నిండిన రోజు నేనూ వెళ్లాను. కూతురు భవాని ఎర్రుపాలెం నుంచి మొగుడితో వచ్చింది. దీపాలవేళ భారతమ్మ పొలిమేర రాయి దగ్గర అడవికి వీపు పెట్టి నిలబడింది. బియ్యం గుప్పిట్లోనే పట్టుకుంది. భవాని, "అమ్మా, అనేయ్యే. నాయిన్ను పోనియ్యే," అని ఏడ్చింది. చివరకు బియ్యం చల్లి, "ఇక రాకు" అంది. వెనుదిరగలేదు. ఆ రాత్రే బొట్టు తీసిందట. నేను దర్గాలో చక్కెర పంచి, ఇక అంతా అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. మూడు రోజులు నిమ్మళంగా ఉంది. ఆ తర్వాత దీపాలవేళ అడవిలోంచి, "ఆఁ... వస్తన్నా". మిషన్‌లో కాదు బేటీ. ఊరందరికీ వినబడింది. పాలు పిండుతున్న పక్కింటి హాతీరాం చెంబు వదిలేసి ఇంట్లోకి పరిగెత్తాడట. నా దాకా వచ్చి, "వజీర్ భాయ్, ఎవలూ పిలుస్తలేరు. మరి ఎవలకు జవాబిస్తుండు?" అన్నాడు. నమ్మక నేనే వెళ్లాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే కదా నా బతుకు. అయినా నాకు వినబడింది. అంత దగ్గరగా ఉన్నాడు. కుక్కలు మొరగడం లేదు, మంచాల కింద దూరి పడుకుంటున్నాయి.

కొన్ని సాయంత్రాలు వస్తుంది, కొన్ని సాయంత్రాలు రాదు. వచ్చిన తేదీలు ఈ కాగితం వెనక రాశాను. భారతమ్మ తలుపు వేసుకుని చెవులు మూసుకుంటోంది. "నేను పిలుస్తలేనన్నా, నా బిడ్డ మీద ఒట్టు," అంది నాతో. నాకు భయంగా ఉంది. నీ చదువులో దీనికేమైనా జవాబుంటే జల్దీ రాయి.

వజీర్

*

హైదరాబాద్,
సెప్టెంబరు 2.

మామూ,

ఎవరు పిలుస్తున్నారో నాకు తెలుసు. మనమే.

మన రికార్డింగులు ఎక్కడో దూరదేశంలో ఒక కాలేజీ టీచరుకు నచ్చాయి. పిల్లలకు పాఠంగా పెట్టింది. ఎవరు ఏ రోజు తెరిచారో నాకు కనిపిస్తుంది. మీ ఉత్తరం చేతిలో పెట్టుకుని చూశాను. ఆ పిల్లలు తెరిచి విన్న రోజులే ఎర్రగుంపులో మీరు విన్న సాయంత్రాలు. ఎవరూ తెరవని రోజు ఆయన గొంతు లేదు.

ఇందులో నా తప్పు ఏంటో తెలుసా? ఏడాది పిలుపులన్నీ అందులో ఉన్నాయి. "ఇక రాకు" ఒక్కటి లేదు. ప్రాజెక్టు జూలైతో అయిపోయిందని మిషన్లు విప్పించాను. ఇంకొన్ని రోజులు ఆగితే ఆ మాట కూడా పడేది. ఆమె విడిచిపెట్టింది మామూ, మన నంబరు విడిచిపెట్టలేదు. అందులో భారతమ్మ ఎప్పటికీ పిలుస్తూనే ఉంటుంది, ఎప్పటికీ ఆపదు.

తీసేయమని ఉదయ్ భాస్కర్ సార్ కాళ్లావేళ్లా పడ్డాను. "ఒకసారి నంబరు పడ్డంక తీసేసుడు ఉండదమ్మా. తీసేస్తే ఇక నమ్మకమేముంటది? కావాలంటే కొత్తది చేర్చు, పాతది అట్లనే ఉంటది," అన్నారు. నిజం చెబితే సెలవు పెట్టి ఇంటికి పొమ్మనేవారు. అందుకే చెప్పలేదు.

చేర్చవచ్చు కదా! అది చాలు. దుకాణంలో ఉన్న రికార్డర్ ఒకటి తీసుకుని భారతమ్మ దగ్గరికి వెళ్లండి. ఆ మాట మళ్లీ ఒక్కసారి అనిపించండి. చివరి రికార్డింగుగా చేరుస్తాను. విన్న ప్రతివాళ్లూ చివరకు అది వింటారు. జరిగిందంతా ఆమెకు చెప్పేయండి, ఇక దాచవద్దు. ఆలస్యం చేయకండి మామూ.

జెబా

*

పర్ణశాల,
సెప్టెంబరు 14.

బేటీ,

ఇది రాయడానికి కూర్చుని రెండుసార్లు లేచాను.

వానల వల్ల దారి తెగి వారం ఆలస్యమైంది. నిన్న మధ్యాహ్నమే రికార్డర్ జేబులో పెట్టుకుని వెళ్లాను, పొద్దుండగానే తిరిగి రావాలని. ఊళ్లో అలికిడి లేదు. భారతమ్మ ఇంటి ముందు ముగ్గు ఉంది. గడప బయట మగవాడి చెప్పులు ఉన్నాయి, వాగు బురద ఎండి పెళ్లలు కట్టి. భారతమ్మ పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూసి లేచి బయటికొచ్చి, తలుపు దగ్గరగా లాగింది. నుదుట బొట్టు ఉంది.

నువ్వు రాసినదంతా చెప్పాను. మొదటినుంచీ జవాబు వస్తోందని, మేం దాచామని, అదీ చెప్పాను. కోపం చేస్తుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆ పిలుపు ఎక్కడెక్కడో పిల్లలు వింటున్నారని, అందుకే అతను ఆగడం లేదని చెప్పి, "ఒక్కపారి ఇక రాకు అనమ్మా, ఇది పట్టుకుంటది," అని రికార్డర్ చూపించాను.

"ఎవర్ని పొమ్మంటవన్నా?" అంది మెల్లగా. "ఆయన అన్నం తింటుండు."

లోపల గిన్నె చప్పుడైంది బేటీ. తర్వాత, "కూరల ఉప్పేసినవా?" అన్న మాట. ఆ గొంతే. చివర్లో పైకి లేస్తూ. తలుపు సందు ఉంది, నేను చూడలేదు. అల్లా మీద ఒట్టు, చూసే ధైర్యం లేకపోయింది. లోపలినుంచి తడి మట్టి వాసన వస్తోంది, ఏరు తీశాక ఒడ్డున వచ్చే వాసన.

భారతమ్మ నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగానే ఉంది, ఆమె మనిషే. "అన్నా, ఒక్క మాట. ఎవలన్నా ఇంటున్న పొద్దు తిండి తింటడు, మాట్లాడతడు, భవాని ఎట్లుందని అడుగుతడు. ఎవలూ ఇనని పొద్దు లేచి గడప దాక పోయి అడివి దిక్కు చూస్తడు. నేను పిలిస్తే తిరిగి చూస్తలేడు. రాకు అన్నదాన్ని కద, నా పిలుపు ఇక పనికొస్తలేదు. ఆ మిషన్ల ఉన్న పిలుపుకే ఆగుతుండు." కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. "నీ మేనకోడలికి చెప్పు. దాన్ని ఆపొద్దని చెప్పు. ఏడాది పిలిచిన అన్నా, ఏడాది."

రికార్డర్ ఆన్ చేయకుండానే వచ్చేశాను.

ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. ఇక్కడ ఊరుకోవడం ఏదో, చేయడం ఏదో కూడా నాకు తెలియడం లేదు. ఎర్రగుంపులో సగంమంది ఇళ్లకు తాళాలు వేసి బంధువుల ఇళ్లకు వెళ్లిపోయారు. పోయినవాణ్ని ఇలా ఆపి పెట్టడం తప్పంటాను. భారతమ్మ ముఖం గుర్తొస్తే ఆ మాట అనలేను. వచ్చినవాడు పిచ్చయ్యేనా అని నన్ను అడగకు. ఆమె అడగలేదు.

నీ మామూ
వజీర్

*

హైదరాబాద్,
సెప్టెంబరు 22.

మామూజాన్‌కు ఆదాబ్.

మీ ఉత్తరం వచ్చిన రోజే ఆ కాలేజీలో పాఠం అయిపోయింది. ఆ మర్నాడు ఎవరూ తెరవలేదు. సాయంత్రం దాకా ఆ పేజీ ముందే కూర్చుని చూశాను. అలా ఊరుకుంటే చాలు, ఏదీ చేర్చక్కర్లేదు, ఏదీ తీసేయక్కర్లేదు. తనంతట తానే ముగిసిపోతుంది. ఎర్రగుంపువాళ్లు ఇళ్లకు తిరిగి వస్తారు. అదే మంచిదని నాకు తెలుసు మామూ. చదువుకున్నదాన్ని, తెలియకేం?

దీపాలవేళ అయింది. ఆమె గడపలో నిలబడి అతని వీపు చూస్తుంటుందని అనిపించింది. ఉండబట్టలేకపోయాను. నేనే తెరిచాను.

మూడుసార్లు పిలిచింది. జవాబు కోసం ఎదురుచూశాను. రాలేదు. అన్ని నెలల రికార్డింగులూ వెతికాను, వాగు అవతలిదీ, గుట్ట మీదిదీ, పొలిమేరదీ. ఎక్కడా ఆ గొంతు లేదు. అది ఉన్న చోటల్లా ఇప్పుడు పిట్టలే ఉన్నాయి. ఇల్లు చేరినవాడు ఇక అడవిలోంచి ఎందుకు జవాబిస్తాడు?

అప్పటినుంచి రోజూ వింటున్నాను. వచ్చే నెల ఊరికి వెళ్లేటప్పుడు నా బదులు వినమని పక్క గది ఫాయిజాకు నంబరు ఇచ్చాను, ఎందుకో చెప్పలేదు. భారతమ్మకు కబురు పంపండి. ఈ పూట కూడా విన్నానని చెప్పండి. ఆయన్ని నిమ్మళంగా తినమనండి.

మీ
జెబా